లిఫ్ట్ చేశాక వణుకు: ముందు డ్రైవ్ షాఫ్ట్ కోణం చూడండి

మీ ట్రక్కు సస్పెన్షన్‌ను 4 అంగుళాలు ఎత్తు పెంచాక (లిఫ్ట్) వేగం పెరిగితే వణుకుతోందనీ, అప్పుడే రెండు యూనివర్సల్ జాయింట్లు (ఇంజిన్ శక్తిని ఇరుసుకు చేర్చే డ్రైవ్ షాఫ్ట్ చివరి కీళ్లు) పోయాయనీ రాశారు. మూడోది కొనకండి. తప్పు జాయింటుది కాదు, కోణానిది.

షాఫ్ట్‌కు రెండు చివరలా ఒక్కో జాయింటే ఉంటే, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) అవుట్‌పుట్, వెనక ఇరుసు పినియన్ (షాఫ్ట్ తిప్పే పళ్ల చక్రపు కడ్డీ) సమాంతరంగా ఉండాలి. బండి బరువు చక్రాల మీద ఉండగానే కొలవండి. తేడా వస్తే లీఫ్ స్ప్రింగుకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు షిమ్ములు (కోణం సరిచేసే లోహపు బిళ్లలు) వేయించండి. ఉక్కువే సుమా! అల్యూమినియంవి నాకు రాళ్ల దారిలో ముక్కలై రాలాయి.

అలాగే జాకీతో ఛాసిస్ లేపి, ఇరుసును పూర్తిగా వేలాడనిచ్చి బ్రేకు గొట్టాలు చూడండి. తీగలా బిగుసుకుంటే, పొడవైనవి వేసేదాకా గుట్టలెక్కవద్దు. పెద్ద టైర్లు వేయాలనుకుంటే, ఆ సంగతి తర్వాత.