నెబ్యులైజర్‌లో పొగ పలచబడింది, మిషన్ మార్చాలా?

చీమకుర్తి నుంచి వచ్చిన ప్రశ్న ఇది: ఏడాదిన్నరగా బిడ్డకు వాడుతున్న, గాలిపంపుతో మందును పొగలాంటి తుంపరగా మార్చి పీల్పించే కంప్రెసర్ నెబ్యులైజర్‌. ఇదివరకు పది నిమిషాల్లో మందు అయిపోయేది, ఇప్పుడు పాతిక నిమిషాలు పెట్టినా కప్పులో మిగిలిపోతోంది. శబ్దం మామూలుగానే ఉంది. రోజూ బోరునీళ్లతో కడిగి ఎండలో ఆరబెడుతున్నారు. కొత్తది కొనాలా?

కొనొద్దన్నా. శబ్దం మారలేదంటే ముందు అనుమానించాల్సింది మోటారును కాదు, మందు పోసే కప్పును. కారణం కూడా మీరు రాసినదాంట్లోనే ఉంది: బోరునీళ్లు.

కప్పు విప్పి చూడండి. అడుగున మధ్యలో ముక్కులాగా పైకి లేచిన గొట్టం, దాని కొనకు సూదిమొనంత బెజ్జం ఉంటాయి. గాలి ఆ బెజ్జంలోంచి దూసుకొస్తుంది. ముక్కు మీద టోపీలా కూర్చునే చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటుంటుంది. ఆ రెండింటి మధ్య సన్నటి సందులోంచి మందు పైకి పాకుతుంది, గాలి దాన్ని పట్టి అడ్డుకు కొట్టి తుంపర చేస్తుంది. 1 నుంచి 5 మైక్రాన్ల తుంపరే ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది, అంతకన్నా లావుది గొంతులోనే ఆగుతుంది. బెజ్జం చుట్టూ కాస్త సున్నం కట్టిందంటే పొగ తగ్గడమే కాదు, వచ్చిన పొగా సరిగా పనిచెయ్యదు. ఇక కడిగేటప్పుడు ఆ టోపీ ముక్క సింకులో జారిపోయిందా, పొగే రాదు, కప్పు ఊరికే గుడగుడలాడుతుంది. మిషన్ చచ్చిపోయిందని అంగడికి తెచ్చేవాళ్లు ముందు ఆ ముక్క ఉందో లేదో చూసుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

మన మెట్టప్రాంతం బోరునీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లపొర కడుతుంది కదా, ఈ బెజ్జంలో పేరుకునేదీ అదే. తెల్ల వెనిగర్ ఒక పాలు, గోరువెచ్చటి నీళ్లు మూడు పాళ్లు కలిపి కప్పునూ టోపీ ముక్కనూ అరగంట నానబెట్టండి. మొండిగా ఉంటే ఇంకోసారి. నిమ్మరసం వద్దు, పీచు పోయి ఇరుక్కుంటుంది. పిన్నీసు, సూది, చీపురుపుల్ల అసలే వద్దు. బెజ్జం వెంట్రుకవాసి వెడల్పైనా తుంపర లావైపోతుంది, ఆ కప్పు ఇక పారెయ్యాల్సిందే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వెనిగర్ సున్నం వదిలిస్తుంది గానీ క్రిముల విషయంలో దాన్ని నమ్ముకోలేం. అది వేరే పని.

రోజువారీ పని ఇట్టా చెయ్యండి. మందు పెట్టడం అయిన వెంటనే కప్పులో మిగిలింది పారబొయ్యండి. అది ఆరితే సెలైన్ ఉప్పు గడ్డకట్టి అదొక అడ్డమవుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసిన గోరువెచ్చటి నీళ్లలో కప్పు, టోపీ ముక్క, మాస్కు కడిగి, ఆఖరి కడుగు మాత్రం కాచి చల్లార్చిన ఆర్వో క్యాన్ నీళ్లతో కానివ్వండి. క్యాన్ నీళ్లలో సున్నం తక్కువే గానీ క్రిములు లేవని కాదు, అందుకే కాచమనేది. లోపల గుడ్డతో తుడవొద్దు, నూలు పోగులు అంటుకుంటాయి. విదిలించి, శుభ్రమైన గుడ్డ మీద బోర్లించి, ఇంట్లో ఫ్యాను కింద ఆరనివ్వండి. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, పైగా మీ ఊళ్లో బయట పెడితే గ్రానైట్ పొడి పడకుండా ఉంటుందా? కావలి, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో కార్తీకమాసం వానలప్పుడు రాత్రంతా పెట్టినా ఆరదు. తడి ఉండగానే సంచిలో పెట్టి జిప్పు వేస్తే లోపల బూజే.

క్రిములు చావాలంటే, మిషన్‌తో వచ్చిన పుస్తకంలో కాచవచ్చని ఉన్న భాగాలను మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచండి. అదీ క్యాన్ నీళ్లతోనే, బోరునీళ్లలో కాస్తే మళ్లీ సున్నం పూసినట్టే. మాస్కు మెత్తటిది, వేడికి వంకరపోతుంది, దాన్ని కాచొద్దు. కాచకూడని భాగాలను, పుస్తకం ఒప్పుకుంటే, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 5 నిమిషాలు నానబెట్టి కాచిన నీళ్లతో బాగా కడగండి. చేతులకు రాసుకునే శానిటైజర్ దీనికి పనికిరాదు, అందులో జిగురూ వాసనా కలిపి ఉంటాయి.

గాలిపైపు లోపల కడగొద్దు. నీటిబొట్లు కనిపిస్తే కప్పు తీసేసి, ఉత్త పైపుతో మిషన్‌ను రెండు మూడు నిమిషాలు నడపండి. లోపల నల్లగా మచ్చలు పడితే పైపు మార్చడమే. ఫిల్టర్ కూడా అంతే. గుండ్రటి చిన్న స్పాంజి లాంటిది, తెల్లగా ఉండాల్సింది బూడిదరంగుకు తిరిగితే తీసెయ్యాలి. పుస్తకంలో రాసిన గడువు మీకు చెల్లదు, క్వారీల దుమ్ముకు అది ముందే నిండిపోతుంది. కడిగి పెట్టొద్దు, లేకుండా నడపనూ వద్దు.

మందు కొలతతోనూ తేడా వస్తుంది. పనంతా అయ్యాక కూడా కప్పులో దాదాపు 1 మి.లీ. అంటిపెట్టుకునే ఉంటుంది. బుడెసొనైడ్ (ఆయాసానికి ఇచ్చే స్టెరాయిడ్ మందు) రెస్ప్యూల్, అంటే ఒకసారికి సరిపడే చిన్న ప్లాస్టిక్ బుడ్డి, 2 మి.లీ. మాత్రమే పోస్తే సగం వృథా అయినట్టే. అందుకే సెలైన్ కలిపి 3, 4 మి.లీ. చెయ్యమంటారు. ఎంత కలపాలో డాక్టరునే అడగండి. మామూలు నీళ్లు, డిస్టిల్డ్ వాటర్ మందులో కలపకూడదు, ఉప్పులేని నీటి తుంపరకు ఊపిరి గొట్టాలు బిగుసుకుని దగ్గు ఎక్కువవుతుంది. మధ్యలో పొగ ఆగి ఆగి వస్తుంటే కప్పును వేలితో తట్టండి, గోడలకు అంటినది కిందికి దిగుతుంది.

చేతిలో పట్టే మెష్ రకం (సన్నటి జల్లెడలోంచి తుంపర తెచ్చే నెబ్యులైజర్) ఇంట్లో ఉంటే మాత్రం జాగ్రత్త పదింతలు. దాని జల్లెడ బెజ్జాలు కొన్ని మైక్రాన్లే. బుడెసొనైడ్ నీళ్లలో కరగని పొడి, అందులో త్వరగా పట్టేస్తుంది. వాడిన ప్రతిసారీ ఇంజెక్షన్లకు వాడే స్టెరైల్ వాటర్ ఒకటి రెండు మి.లీ. పోసి నిమిషం నడపాలి. పెట్రోలు బంకులో అమ్మే బ్యాటరీ నీళ్లు దీనికి వాడొద్దు. జల్లెడకు వేలుగానీ దూదిగానీ తగలకూడదు.

ఇవన్నీ చేశాక పరీక్ష: 3 మి.లీ. సెలైన్ పోసి గడియారం పెట్టండి. 10, 12 నిమిషాల్లో చిటపటలాడుతూ అయిపోతే అంతా బాగున్నట్టే. అవ్వకపోతే అదే మోడల్‌కు సరిపడే కొత్త కప్పు ఒక్కటి తెచ్చి మళ్లీ చూడండి. సాయంత్రాలు వోల్టేజి పడిపోయే చోట తెల్లవారుజామున చూడండి, కరెంటు తగ్గితే పంపూ నీరసిస్తుంది. కొత్త కప్పుతో, మంచి కరెంటుతో కూడా పాతిక నిమిషాలు పడితే పంపు లోపలి వాల్వో, పిస్టన్ రింగో అరిగినట్టు. అప్పుడు సర్వీసుకివ్వండి. బాగై వచ్చేదాకా బిడ్డకు ఇన్‌హేలర్, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంలాంటి డబ్బా) నడపవచ్చేమో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండన్నా.