తుపాను చూసినవారికి భయం పెరుగుతుందా, అలవాటైపోతుందా?

మీరు అడిగిన రెండూ నిజమే. ఏ ఆపదను చూశామో దానికే భయపడతాం, చూడని దాన్ని లెక్కచేయం. ఈ మాట కోనసీమ మనిషిగా చెబుతున్నాను.

1996 నవంబరు 6 రాత్రి అమలాపురం దగ్గర మా పెంకుటింట్లో ఉన్నాం. చీకటి పడ్డాక పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అందరం ధాన్యం గాదె పక్కన నక్కాం. కొబ్బరి చెట్లు విరుగుతున్న చప్పుడుకు చెల్లెలు చెవులు మూసుకుంది. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. పక్కింటివారు లాంతరు పట్టుకుని బయటికి వచ్చి పిలిచారు. తాతయ్య మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడి, "ఇంకా సగమే అయింది, ఎవరూ కదలొద్దు" అన్నారు. మా మీదుగా పోతున్నది తుపాను కన్ను, అంటే నడిమధ్య గాలి లేని చోటు. అది దాటిన కాసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. తెల్లవారి చూస్తే తోటలో చెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. ఈనాటికీ తుపాను వేళ గాలి నెమ్మదిస్తే నా గుండె దడదడలాడుతుంది. ఇంటి మీదికి వంగిన కొబ్బరి చెట్టును, ఎంత కాపు కాసినా సరే, కొట్టించేస్తాను.

మా అత్తగారిది లంక గ్రామం, అంటే గోదావరి గట్ల మధ్య దీవిలో ఉన్న ఊరు. ఆవిడకు గాలి అంటే లెక్కేలేదు, గోదావరే కొలమానం. 2022 జూలైలో వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటినా, "ఎనభై ఆరులో ముప్పై అయిదు లక్షలు వచ్చినప్పుడే నీరు మా అరుగు దాటలేదు" అంటూ పడవ ఎక్కనన్నారు. 1986లో ఏటిగట్లు తెగి నీరు ఊళ్ల మీదికి పోయింది. తర్వాత గట్లు ఎత్తు పెంచారు. అవి తెగకుండా నిలబడితే ఆ నీరంతా గట్ల మధ్యే, అంటే లంకల మీదే కదా! పాత గుర్తును నమ్ముకోవడమే నా దృష్టిలో అసలు ప్రమాదం.

టీవీలవారు మాత్రం చినుకు పడితే చాలు, ప్రళయం అని అరుస్తారు. దాంతో నిజమైన హెచ్చరికకూ విలువ లేకుండా పోతోంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంకలో ఉన్న ముసలావిడకు ఆ అంకెతో ఏం తెలుస్తుంది? మీ ఊరి గుడి మెట్లలో ఎన్నో మెట్టు దాకా నీరు వస్తుందో, ఎన్ని గంటలకు వస్తుందో చెప్పమనండి, ఆవిడే ముందుగా పడవ ఎక్కుతుంది.