ఆ రోజుల్లో మారియో నిజంగానే నిదానం

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. చిన్నప్పుడు మా మేనమామ కొనిచ్చిన టీవీ గేమ్‌లో సూపర్ మారియో రోజూ ఆడేవాణ్ణి. ఈ మధ్య మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ వేసిచ్చాడు, పాత సెట్ల ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామట. ఆట అదే, పాట అదే. కానీ ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు ఉంది. మొదటి గుంతలోనే పడిపోతున్నాను. “వయసైపోయింది నాన్నా” అంటున్నాడు వాడు. నిజమేనాండీ?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మీ వయసుకేం కాలేదండీ. మీ చిన్నప్పటి మారియో నిజంగానే నిదానంగా పరిగెత్తేవాడు.

ఈ ఆట పుట్టింది 1985లో, జపాన్‌లో, నింటెండో కంపెనీ ఫ్యామికామ్ గేమ్ సెట్ కోసం. అక్కడి టీవీ సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తుంది. మన టీవీలది పాల్ పద్ధతి, సెకనుకు 50 సార్లే. తొంభైల్లో మన బజార్లలో దొరికిన గేమ్ సెట్లు చాలావరకు ఫ్యామికామ్‌కు నకళ్లు. మన టీవీలకు సరిపడేలా వాటి చిప్పుల్ని 50కి మార్చారు, క్యాసెట్‌లోని ఆటను మాత్రం అలాగే వదిలేశారు. ఆ ఆటకు సెకన్లు తెలియవు. ఒక బొమ్మ పూర్తయితే ఒక అడుగు, అదే దాని లెక్క. సెకనుకు 50 బొమ్మలే వస్తే అడుగులూ అంతే పడతాయి. జపాన్‌లో నిమిషం పట్టే పరుగు మన ఇంట్లో 72 సెకన్లు పట్టేది. పాట కూడా అంతే సాగేది.

మీవాడి ముందే ఒక పరీక్ష చేయండి. మొదటి లెవెల్ మొదలుకాగానే మారియోను కదిలించకుండా నిలబెట్టండి. పైన టైమ్ 400 నుంచి తగ్గుతూ వస్తుంది. 300కి దిగేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. ఆ అంకె 24 బొమ్మలకు ఒకసారి తగ్గుతుంది. 40 సెకన్లు పడితే అది జపాన్ వేగం. 48 పడితే మన ఇంటి వేగం. నా దగ్గర ఇప్పటికీ పనిచేసే పాత సెట్ ఒకటి ఉంది. దాన్ని డబ్బా టీవీకి పెట్టి నేనూ చూశాను. 48 వచ్చింది. అంతసేపూ మారియో కదలకుండా నిలబడి ఉంటే, చిన్నప్పుడు అమ్మ అన్నానికి పిలిచినప్పుడు ఆటను అలాగే వదిలేసి లేచిపోయిన సాయంత్రాలు గుర్తొచ్చాయి.

ఇక దాన్ని సరిచేయడం. మెసెన్ లాంటి ఎమ్యులేటర్‌లో రీజియన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అక్కడ ‘పాల్’ ఎంచుకోవద్దు, ‘డెండీ’ ఎంచుకోండి. డెండీ అంటే 1992లో రష్యాలో అమ్మకానికి వచ్చిన నకలు సెట్. మన సెట్లు ఎక్కువగా ఆ రకమే. పాల్ అంటే యూరప్‌లో అమ్మిన అసలు నింటెండో. దాని ప్రాసెసర్ కూడా నెమ్మది కాబట్టి పాట నిదానించడంతో పాటు శ్రుతి కూడా దిగిపోతుంది, బ్యాటరీ తగ్గిన టేప్‌రికార్డర్‌లాగా. డెండీలో ప్రాసెసర్ దాదాపు జపాన్ వేగంతోనే నడుస్తుంది. అందుకే శ్రుతి దాదాపు అలాగే ఉండి, నడక ఒక్కటే తగ్గుతుంది. మీ చెవికి గుర్తున్నది అదే.

ఇంకొక్క చిక్కు ఉంది. ల్యాప్‌టాప్ తెర 60 మీదే ఉంటే ప్రతి ఐదు బొమ్మల్లో ఒకటి రెండుసార్లు పడుతుంది, నేల చిన్న చిన్న కుదుపులతో కదులుతుంది. తెర ఒప్పుకుంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 50 గానీ 100 గానీ పెట్టండి. లేదంటే హెచ్‌డీఎంఐతో ఎల్‌ఈడీ టీవీకి కలపండి. మన దగ్గర అమ్మే టీవీలు సాధారణంగా 50 తీసుకుంటాయి. బొమ్మను మాత్రం తెరంతా సాగదీయకండి, పాత టీవీల 4:3 ఆకారంలోనే ఉంచండి. సాగదీస్తే మారియో పొట్టిగా, లావుగా అయిపోతాడు.

60లో ఆడితేనే అసలైన ఆట అనేవాళ్లున్నారు. మారియోను సృష్టించిన మియామోతో బృందం ఈ ఆటను తయారుచేసింది 60కే, కాదనను. కానీ మీ వేళ్లు నేర్చుకున్నది 50లో. ఆ గుంత మీదనుంచి ఎప్పుడు ఎగరాలో వాటికి ఇంకా గుర్తుంది.

ప్రశ్న: డేంజరస్ డేవ్ ఆట కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 64 బిట్ విండోస్ పాత డాస్ ప్రోగ్రాములను నేరుగా నడపలేదు. వాటిని ఆడించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ వేసుకోండి, ఉచితమే. వేగం ఎక్కువైతే కంట్రోల్‌తో ఎఫ్11, తక్కువైతే కంట్రోల్‌తో ఎఫ్12 నొక్కండి. బొమ్మ అణిగినట్టు కనిపిస్తే యాస్పెక్ట్ సెట్టింగ్ ఆన్ చేయండి. ఆనాటి 320×200 బొమ్మ 4:3 మానిటర్ మీద కాస్త నిలువుగా సాగి కనిపించేది, అదే దాని సరైన ఆకారం.

ప్రశ్న: అటక దులుపుతుంటే మా తమ్ముడి పాత గేమ్ సెట్ దొరికింది. ఎల్‌ఈడీ టీవీకి పెడితే అన్నీ వస్తున్నాయి కానీ బాతుల ఆటలో తుపాకీ ఒక్కటీ తగలడం లేదు. తుపాకీ పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తుపాకీని పారేయకండమ్మా, అది బాగానే ఉండి ఉంటుంది. ఆ తుపాకీ దేన్నీ కాల్చదు, చూస్తుంది. గొట్టం లోపల వెలుగును కనిపెట్టే చిన్న కన్ను ఉంటుంది. మీరు ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. ఆ వెలుగు ఆ క్షణంలోనే కంటికి తగిలితే బాతు పడుతుంది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను లోపల సర్దుకుని ఆలస్యంగా చూపిస్తుంది. చదరం మెరిసేసరికి గేమ్ చూడటం మానేసి ఉంటుంది. పైగా అసలు నింటెండో తుపాకీ ట్యూబ్ తెర మీద గీతలు పడే లయను, అంటే సెకనుకు పదిహేను వేలకు పైగా వచ్చే మిణుకును పసిగట్టేలా చేసింది. ఎల్‌ఈడీలో ఆ లయే లేదు. టీవీలో గేమ్ మోడ్ పెట్టినా లాభం ఉండదు. పక్కింట్లో డబ్బా టీవీ ఉంటే ఒక సాయంత్రం అడిగి పెట్టి చూడండి. తమ్ముణ్ణి కూడా పిలవండి.

ప్రశ్న: నాన్నగారి 21 అంగుళాల డబ్బా టీవీని పాత ఆటల కోసం ఉంచుకున్నాను. ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ టు ఏవీ డబ్బీతో కలిపాను. బొమ్మ వణుకుతోంది, బటన్ నొక్కాక ఆలస్యంగా కదులుతోంది. అంచులు కూడా వంకరగా ఉన్నాయి. వెనక మూత తీసి సరిచేయొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: టీవీ ప్రసారంలో బొమ్మను రెండు సగాలుగా పంపుతారు. ఒకసారి బేసి గీతలు, తర్వాత సరి గీతలు. పాత గేమ్ సెట్లు మాత్రం ప్రతిసారీ ఒకే వరస గీతలను వాటి చోట్లోనే గీసేవి. అందుకే బొమ్మ కదలకుండా నిలబడేది, మధ్యలో సన్నటి నల్లగీతలు కనిపించేవి. మీ డబ్బీకి ఆ పద్ధతి రాదు. అది సగాలుగానే పంపుతుంది, అందుకే ఆ వణుకు. మార్చడానికి కాస్త సమయం తీసుకుంటుంది, ఆలస్యం అక్కడిది.

రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు దొరికితే తీసుకోండి. దాని ఆడియో జాక్ నుంచే టీవీ సిగ్నల్ కూడా వస్తుంది. (పై 5లో ఆ జాక్ లేదు.) పాత ఆటలు ఆడించే రెట్రోపై సాఫ్ట్‌వేర్ వేసి, కాన్ఫిగ్ ఫైల్‌లో ఎస్‌డీటీవీ మోడ్‌కు 18 ఇస్తే పాల్‌లో, 16 ఇస్తే ఎన్‌టీఎస్‌సీలో, అంటే జపాన్ 60 పద్ధతిలో, పాత సెట్ల తరహాలో గీతలు వస్తాయి.

కేబుల్ దగ్గర జాగ్రత్త. నేను మొదట ఇంట్లో పడున్న పాత వీడియో కెమెరా వైరు పెట్టాను. తెర మీద బొమ్మ లేదు, స్పీకర్‌లో జుమ్మని మోత. రెండు రోజులు బోర్డే పోయిందని టెన్షన్ పడ్డాను. చివరికి మల్టీమీటర్ పట్టుకుని పిన్ను మీది నాలుగు కట్లను ఒక్కొక్కటే చూశాను. రాస్ప్‌బెర్రీ పైకి కావలసింది కొనన రెండూ ధ్వని, మూడోది గ్రౌండ్, మొదట్లో పిడి పక్కన ఉన్నది వీడియో. నా వైరులో గ్రౌండ్, వీడియో తారుమారు. కొనేముందే అడిగి తీసుకోండి.

వెనక మూత మాత్రం తీయకండి. కలర్ పిక్చర్ ట్యూబ్‌కు ఇరవై వేల వోల్టులకు పైగా వెళ్తుంది. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ఆ ఛార్జ్ ట్యూబ్‌లో నిలిచి ఉండొచ్చు. నేను పని నేర్చుకున్న షాపులో తోటి కుర్రాడొకడు స్క్రూడ్రైవర్ అక్కడ తగిలించి గోడకు ఎగిరిపడ్డాడు. బతికాడు, కానీ ఆ చెయ్యి వారం రోజులు సరిగా లేవలేదు. మీ ఊళ్లో పాతకాలపు టీవీ మెకానిక్ ఎవరైనా ఉంటే, ట్యూబ్ టీవీ అని ముందే చెప్పి పిలిపించండి. ఆయన వచ్చేదాకా అంచులు వంకరగా ఉన్నా ఆడుకోవచ్చు.