శాసనసభ లాక్‌డౌన్ ‘విధించిందా’?

సందేహం: మా డిగ్రీ కళాశాలలో వ్యాసరచన పోటీ పెట్టాం. అంశం ‘ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిలో ప్రాంతీయ పార్లమెంటుల పాత్ర’. ఒక విద్యార్థి ‘కరోనా వచ్చినప్పుడు మన శాసనసభ లాక్‌డౌన్ విధించి కీలక పాత్ర పోషించింది’ అని రాశాడు. నేను ఆ వాక్యం కింద ఎర్రగీత గీశాను. ‘వ్యాకరణం సరిగ్గానే ఉంది కదా మేడమ్’ అంటున్నాడు. ఇందులో తప్పుందా, లేదా? అసలు ‘ప్రాంతీయ పార్లమెంటు’ అంటే మన శాసనసభేనా?
– ఒక తెలుగు అధ్యాపకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, మీ ఎర్రగీత సరైనదే. వ్యాకరణం గురించి మీ విద్యార్థి అన్నదీ నిజమే. కర్త, కర్మ, క్రియ వరుసగానే కూర్చున్నాయి. కానీ ఆ కర్త ఆ పని చేయలేదు. 2020 మార్చి 22న మన రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించింది రాష్ట్ర ప్రభుత్వం. మార్చి 25 నుంచి దేశమంతటా అమలు చేసింది కేంద్ర ప్రభుత్వం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద. ఆ రోజుల్లో మన శాసనసభ సమావేశమే కాలేదు. బడ్జెట్ సమావేశాలు జరగాల్సిన కాలం అది. సభ్యులు ఒకచోట చేరే వీలు లేక, మూడు నెలల ఖర్చులకు గవర్నరు ఆర్డినెన్స్ ఇవ్వాల్సి వచ్చింది. జూన్ 16, 17 తేదీల్లో, రెండంటే రెండు రోజులు, సభ కూర్చుంది.

మరి పిల్లవాడికి ఆ పొరపాటు ఎందుకు వచ్చింది? అజాగ్రత్త వల్ల కాదు. మాటే వాడిని అటు లాక్కెళ్లింది. శాసనం అంటే మొదట రాజాజ్ఞ. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో, చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన ఆరో శతాబ్దపు రాయి మీద రేనాటి చోళరాజు ధనంజయుడి పేరు, ఎరికల్ ముతురాజు అనే బిరుదుతో, కనిపిస్తుంది. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనంగా దాన్నే చెప్పుకుంటున్నాం. రాజు మాట రాతిమీదికెక్కితే అది శాసనం. ‘శాసించడం’ అన్న మాటలో ఆ బరువు ఈనాటికీ ఉంది. అందుకే ‘శాసనసభ’ అనగానే ఆజ్ఞలు వేసే సభ అని చెవికి తోస్తుంది. అయితే ‘శాస్’ ధాతువుకు ఆజ్ఞాపించడం ఒక్కటే అర్థం కాదు, నేర్పడం కూడా. శాస్త్రం, శిష్యుడు అనే మాటలు దాన్నుంచి వచ్చినవే.

నాకు ‘చట్టసభ’ అనే మాట మీద ఇష్టం ఎక్కువ. పాత పలక గుర్తుందా? రాయి పలక చుట్టూ నాలుగు చెక్కలు బిగించి ఉంటాయి. దాన్ని చట్రం అనీ చట్టం అనీ అంటాం. చెక్క ఒకటి ఊడితే పలక అంచులు రాలిపోతాయి. పలక మీద రాసేది మనమే, చట్రం రాయదు. సభకూ ప్రభుత్వానికీ ఉన్న సంబంధం ఇదే. మూడు రోజులా, మూడు వారాలా, ఏ వీధి మూయాలి అన్న నిర్ణయాలు ప్రభుత్వం తీసుకుంటుంది. ఏ చట్టం కింద, ఎంతవరకు, ఎవరి డబ్బుతో అన్నది సభ బిగించాల్సిన చట్రం.

ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి, 6వ అంశంగా. అంటే ఆ చట్రం బిగించే హక్కు రాష్ట్ర శాసనసభకు ఎప్పటినుంచో ఉంది. అయినా 2020లో రాష్ట్రాలు ఎక్కువగా ఆధారపడింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం మీద. బొంబాయి ప్లేగుకు బెదిరి ఆంగ్ల ప్రభుత్వం హడావుడిగా చేసిన చిన్న చట్టం అది. మొత్తం నాలుగు సెక్షన్లు. ఆ చట్టం చేసిన సభలో మన ఓటుతో గెలిచినవాళ్లు ఒక్కరూ లేరు. కేరళ మాత్రం 2020 మార్చిలోనే సొంతంగా ఆర్డినెన్స్ తెచ్చుకుంది, 2021లో అక్కడి శాసనసభ దాన్ని చట్టం చేసింది. ఈ విషయంలో మన సభ కూడా అలా చేసి ఉంటే బాగుండేదని నా గట్టి అభిప్రాయం.

ఆ ఏప్రిల్‌లో కర్నూలులో టెన్షన్ ఎలా ఉండేదో మీకు తెలుసు. మా వీధి మొదట్లో అడ్డంగా కట్టెలు కట్టారు. పాలు, మందులు కట్టెల మీదుగా అందుకోవడమే. పక్కింటి అవ్వకు బీపీ మాత్రలు అయిపోయాయి. కట్టె పట్టుకుని నిలబడి, ‘ఇవి ఎవురు కట్టమన్నారు నాయనా? ఎన్ని దినాలు? ఎవుర్ని అడగాల?’ అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ‘విధించారు’ అని పేపర్లో చదివానే కానీ ఎవరు విధించారన్నది నేనూ పట్టించుకోలేదు. తెలుగులో కర్త లేకుండా వాక్యం నడిచిపోతుంది. ‘మూసేశారు’, ‘ఆపేశారు’, ‘పంపేశారు’ అంటే చాలు. అది మన భాషకున్న సౌలభ్యం. కానీ అవ్వ అడిగిందే శాసనసభలో ఒక ఎమ్మెల్యే లేచి మంత్రిని అడగాలి, మంత్రి జవాబు చెప్పాలి. 2020 సెప్టెంబరులో పార్లమెంటు కూర్చున్నప్పుడు ప్రశ్నోత్తరాల సమయమే తీసేశారు. చూశారా, నేనూ ‘తీసేశారు’ అనే రాశాను.

ఇక ‘ప్రాంతీయ పార్లమెంటు’. ఐరోపా సంగతి రాసేటప్పుడు ఆ మాట చెల్లుతుంది. స్కాట్లాండులో, స్పెయిన్‌లోని బాస్క్ నాడులో అలాంటి సభలున్నాయి. వేల్స్ సభ పేరు ‘నేషనల్ అసెంబ్లీ’గా ఉండేది. చట్టాలు చేసే అధికారం, పన్నులు వేసే అధికారం పెరిగాయి కాబట్టి, కరోనా మధ్యలోనే, 2020 మే 6న దాన్ని ‘సెనెద్’ అనీ ‘వెల్ష్ పార్లమెంట్’ అనీ మార్చుకున్నారు. పని మారింది, పేరు మార్చారు. మన సభను మాత్రం అలా పిలవకండి. పార్లమెంటు అంటే మనకు ఢిల్లీలో ఉన్నది ఒక్కటే. పైగా ‘ప్రాంతీయ పార్టీ’ అన్నప్పుడు ప్రాంతం అంటే రాష్ట్రం. రాయలసీమలో ఉట్టి ‘ప్రాంతం’ అంటే సీమ. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి ఆ మాటకు ఇక్కడ ఒక బాధ అంటుకుని ఉంది. 1953 నుంచి 56 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. డేరాల్లో ఆఫీసులు నడిచిన ఆ రోజుల్లో ఇక్కడ కూర్చున్నది కూడా శాసనసభే, ప్రాంతీయ సభ కాదు.

‘అత్యవసర పరిస్థితి’ గురించి కూడా జాగ్రత్త. మన పెద్దలకు ఆ మాట వింటే 1975 జూన్ గుర్తొస్తుంది. రాజ్యాంగం 352వ అధికరణం చెప్పే ఎమర్జెన్సీ యుద్ధానికి, బయటి దాడికి, సాయుధ తిరుగుబాటుకు మాత్రమే. రోగం పేరు అందులో లేదు. 2020 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది వేరే రకం, దానివల్ల ఇక్కడ ఏ సభ అధికారమూ తగ్గలేదు. అందుకే ‘ఆరోగ్య విపత్తు’ అనడం నాకు నచ్చుతుంది. ‘మహమ్మారి కాలం’ అన్నా బాగుంటుంది. మారెమ్మకు మొక్కే ఊళ్లలో ఆ మాటకు వివరణ అక్కర్లేదు.

‘పాత్ర పోషించడం’ తప్పు కాదు, అరిగిపోయింది, అంతే. నాటకంలో పాత్ర ఒకరు రాసిచ్చింది. సభకు ఉన్నది పని, బాధ్యత. పోటీ అంశాన్ని ‘ఆరోగ్య విపత్తులో రాష్ట్ర శాసనసభ ఏం చేయాలి?’ అని మార్చి ఇవ్వండి. పిల్లవాడి వాక్యాన్ని ‘ప్రభుత్వం లాక్‌డౌన్ విధించింది, శాసనసభ జూన్‌లో సమావేశమైంది’ అని దిద్దించండి. మార్కులు మాత్రం కోయొద్దు. వాడు అడిగాడు కాబట్టే మనం ఇంత దూరం వచ్చాం.