పాత నీటి పైపులు: సెన్సర్లు ఏం చెప్పగలవు?

ప్రశ్న: భూమిలో అరవై, డెబ్బై ఏళ్లుగా ఉన్న పోత ఇనుప నీటి పైపులకు సెన్సర్లు అమర్చితే, తవ్వకుండానే వాటి స్థితి తెలుస్తుందంటున్నారు. ఏ పైపు ఎప్పుడు పగులుతుందో అవి నిజంగా ముందే చెప్పగలవా?

జవాబు: పగిలే రోజును ఏ సెన్సరూ చెప్పలేదు. అయితే ఇప్పటికే మొదలైన లీకును, నీరు రోడ్డు మీదికి ఉబికి రాకముందే అది పట్టుకోగలదు.

చిన్న రంధ్రంలోంచి నీరు ఒత్తిడితో చిమ్మేటప్పుడు పుట్టే శబ్దం పైపు వెంబడి రెండు వైపులా ప్రయాణిస్తుంది. పూర్వం సిబ్బంది రాత్రివేళ వాల్వు మీద ఇనుప కడ్డీని ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి విన్నది ఈ శబ్దాన్నే. ఇప్పుడు రెండు వాల్వుల దగ్గర సెన్సర్లు బిగించి, ఒకే శబ్దం వాటిని చేరిన సమయాల్లోని తేడాను లెక్కిస్తారు. సెన్సర్ల మధ్య దూరం 200 మీటర్లు, పైపులో శబ్దవేగం సెకనుకు 1200 మీటర్లు, తేడా 0.05 సెకను అనుకుందాం. ఆ తేడాలో శబ్దం 60 మీటర్లు సాగుతుంది. దాన్ని 200లోంచి తీసివేసి సగం చేస్తే, ముందుగా విన్న సెన్సరుకు 70 మీటర్ల దూరంలో లీకు ఉన్నట్లు. ప్లాస్టిక్ పైపుల్లో శబ్దం త్వరగా అణగిపోతుంది కనుక సెన్సర్లను మరింత దగ్గరగా అమర్చాలి.

అసలు చిక్కు లీకు మొదలుకాని పైపులతోనే. పోత ఇనుములోని ఇనుము మట్టిలోని తేమకు క్రమంగా కరిగిపోయినా, గ్రాఫైటు (పోత ఇనుములో ఉండే కార్బన్), తుప్పు కలిసిన పొర అదే ఆకారంలో నిలిచి ఉంటుంది. తవ్వి చూసినా పైపు చెక్కుచెదరనట్లే కనిపిస్తుంది గానీ, చాకుతో గీకితే నల్లని పొడి రాలుతుంది. గోడ పలచబడితే శబ్దవేగం కొంత తగ్గుతుంది కాబట్టి, ఆ వేగాన్ని కొలిచి మందాన్ని అంచనా వేసే పద్ధతి ఉంది. కానీ దానివల్ల తెలిసేది ఆ పొడవంతటికీ సగటు మందం మాత్రమే. ఒకచోట లోతుగా తిన్న గుంట ఆ సగటులో మరుగున పడిపోతుంది.

పీడనాన్ని కొలిచే సెన్సర్లకు తగినంత ప్రాధాన్యం దక్కడం లేదని నా అభిప్రాయం. సెకనుకు 1 మీటరు వేగంతో పారుతున్న నీరు, పంపు ఆగిపోవడం వల్లనో వాల్వు మూయడం వల్లనో ఒక్కసారిగా నిలిచిపోతే, ఇనుప పైపులో పీడనం 10 బార్లకు పైగా ఎగబాకవచ్చు (ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). బలహీనపడిన పైపును బద్దలు చేసేది తరచుగా ఇలాంటి దెబ్బే. క్షణాల్లో వచ్చిపోయే ఈ తాకిడి, పావుగంటకొకసారి రీడింగు తీసే పరికరం కంట పడదు. సెకనుకు పదుల సార్లయినా కొలవగలిగినది కావాలి. కారణం తెలిశాక, వాల్వును నిదానంగా మూయడం వంటి మామూలు జాగ్రత్తలతోనే పైపు ఆయుష్షును పెంచవచ్చు.

సెన్సర్లు పెట్టినంత మాత్రాన తవ్వే పని తప్పిపోదు. మరమ్మతులో కోసి తీసిన ముక్కను తుక్కులో పారేయకుండా, తుప్పు వదిలించి, మిగిలిన మందాన్ని కొలిచి, అంతకుముందు సెన్సరు ఇచ్చిన అంచనా పక్కనే నమోదు చేయించండి. ఆ రెండు అంకెల మధ్య తేడాను బట్టే, ఇంకా తవ్వని పైపుల విషయంలో సెన్సరు మాటను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవచ్చు.