ఆఫీసులో నా విశ్వాసం గురించి ఎలా చెప్పాలి?

వందనాలు సిస్టర్. "ఆఫీసులో క్రైస్తవురాలిని నేనొక్కదాన్నే. ప్రభువు గురించి చెప్పాలని ఉంటుంది. నోరు విప్పితే మతం మార్చడానికి వచ్చిందనుకుంటారేమోనని భయం, చెప్పకపోతే తప్పు చేసినట్టు బాధ" అని రాశారు. ఈ టెన్షన్ నేనూ చాలా ఏళ్లు పడ్డాను.

ఒంగోలులో ఒక మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. చేరిన కొత్తలో ఆవేశం ఎక్కువ. ఒక రోజు తోటి ఉద్యోగి క్యారేజీ సంచిలో ఆయనకు తెలియకుండా కరపత్రం పెట్టాను. మధ్యాహ్నం గిన్నెలు తీస్తుంటే అది బయటపడింది. చారు మరకలు పడ్డ ఆ కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి, నా టేబుల్ మీద ఉంచి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయారు. ఆరు నెలలు నాతో కలిసి అన్నం తినలేదు. సువార్త చెప్పానని నేననుకున్నాను. ఆయనకు అది దొంగచాటు పనిలా కనిపించింది, నిజంగా దొంగచాటు పనే. తర్వాత క్షమాపణ అడిగాను.

మా నాన్న తాపీ మేస్త్రీ. ఆయన దగ్గర పనికి చేరిన కుర్రాడు ముందు ఇసుక జల్లించాలి, మాలు కలపాలి, నీళ్లు మోయాలి. గోడ మీదికి ఎక్కడం చాలా తర్వాతి మాట. క్రీస్తు దగ్గర శిష్యరికం కూడా అలాంటిదేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. నేను మాలు కలపకుండానే గోడ కట్టబోయాను.

మా నాయనమ్మ ఎప్పుడూ ఒక సంగతి చెప్పేది. 1876-78 కరువులో మా ఒంగోలు ప్రాంతంలో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, ఆ సాయం నడుస్తున్నన్నాళ్లూ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చి నమ్మామనకూడదని ఆయన ఉద్దేశం. ఆ తర్వాతే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరికీ ఆ అంకె గుర్తుంటుంది. నాకు మాత్రం ఆయన ఆగడమే పెద్ద విషయంగా అనిపిస్తుంది. ఎదుటివాళ్ల అవసరాన్ని అడ్డం పెట్టుకుని దేవుడి మాట ఎత్తకూడదు. నేను గట్టిగా పట్టుకున్న నియమం ఇదొక్కటే.

మా బిల్లింగ్‌లో ఒక అమ్మాయి ఉంది. వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చి ఐసీయూలో పెట్టారు. మా ఆవిడ అన్నం, చారు కట్టిస్తే రాత్రి తీసుకెళ్లాను. వరండాలో చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుని ఉంది. లేచి రెండు ముద్దలు తిని, "అన్నా, మీరు ప్రార్థన చేస్తారు కదా, నాన్న కోసం చేయండి" అంది. ఆయన పేరు అడిగి, మెల్లగా, అర నిమిషం చేశాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

నాలుగో రోజు ఆయన పోయారు. దినానికి వెళ్లి విస్తళ్లు వేశాను.

రెండు నెలల తర్వాత టీ తాగుతూ అడిగింది: "మరి మీ ప్రార్థన ఏమైంది అన్నా?" జవాబు కోసం వాక్యాలు వెతుక్కోలేదు. "నాకూ తెలియదమ్మా. మా అమ్మ కోసం కూడా చేశాను, ఆవిడా పోయింది. కానీ ఆ రోజుల్లో యేసయ్య నన్ను ఒంటరిగా వదిలేయలేదు. అందుకే ఇంకా ఆయన్నే నమ్ముకున్నాను" అన్నాను. ఆ రోజు గంటసేపు మాట్లాడుకున్నాం. నా జీవితంలో నేను చెప్పిన మొదటి నిజమైన సాక్ష్యం అదే అనుకుంటాను.

అడిగినవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు పత్రికలో ఉంది కదా, మీరు దాన్ని పట్టుకోండి. ఆదివారం ఎక్కడికెళ్లారంటే చర్చికి అని మామూలుగా చెప్పండి, దాచకండి. వాళ్ల పండగల గురించి, వాళ్ల నమ్మకం గురించి మీరూ మనస్ఫూర్తిగా అడిగి వినండి. ఒకరిద్దరి పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుని రోజూ ప్రార్థించండి, చాలు.

ఆ అమ్మాయి ఇప్పటికీ గుడికే వెళ్తుంది. మొన్న కూతురి ఇంటర్ పరీక్షల ముందు ఫోన్ చేసి, "అన్నా, మీ బుక్కులో పాప పేరు రాయండి" అంది. రాసుకున్నాను.