అన్నదమ్ములు పంచేసుకున్న భూమిలో ఆడపడుచు వాటా అడగవచ్చా?

టెక్కలి దగ్గర మీ తండ్రిగారు 2019లో వీలునామా రాయకుండా మరణించగా, అన్నదమ్ములు ఊరి పెద్దల సమక్షంలో తెల్లకాగితంపై భూమి పంచుకుని పాస్‌పుస్తకాలు కూడా మార్పించుకున్నారని, ఇప్పుడు వాటా అడగవచ్చా అని మీ ప్రశ్న.

అడగవచ్చు. మీది హిందూ కుటుంబమైతే, స్వార్జితంలో (మీ తండ్రిగారు సొంతంగా సంపాదించిన ఆస్తిలో) 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, జీవించి ఉంటే మృతుని తల్లి సమాన వాటాదారులు. పిత్రార్జితంలో (తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తిలో) ఆ చట్టానికి 2005లో చేసిన సవరణ కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. పాస్‌పుస్తకంలో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదు.

అసలు చూడవలసినది మీ సంతకం. పెళ్లిలో కట్నం ఇచ్చేశామన్న వాదన (మన వైపు తరచూ వినిపించేదే) మీ హక్కును తీసివేయదు గానీ, రిజిస్టరైన హక్కు విడుదల పత్రంపై మీరు సంతకం చేసి ఉంటే, అది మోసంతో చేయించుకున్నదైతే, ఆ మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోగా దాని రద్దు కోరాలి. అలాంటి సంతకం చేయకపోతే, అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1-బి (భూమి హక్కుల రికార్డు) నకళ్లు, ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీసుకుని సివిల్ కోర్టులో విభజన దావా వేయండి.